కునుకులో చదివిన పేజీలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పళ్ళ మేస్త్రి అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని సంచీ పట్టుకుని వచ్చి, "డజను ఎంతండీ?" అని అడగడం మామూలే. ఆయన ఏమీ అనకుండా బల్లమీదున్న పై దవడ సెట్టొకటి అరచేతిలో పెట్టి చూపించేవాడు. వాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తగ్గి, తర్వాత నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు.

ఇంటి ముందుగది ఆయన పనిచోటు. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపితే, వాటిలో సుద్ద పోసి దవడలు తీసి, దవడల మీద మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి కట్టుడుపళ్ళు తయారుచేయడం ఆయన వృత్తి. స్పిరిటు దీపం నీలిమంట మీద చిన్న కత్తి వేడి చేసుకుని మైనాన్ని సవరిస్తూ కూర్చుంటే వీధిలో ఊరేగింపు వెళ్ళినా తల ఎత్తేవాడు కాదు. మనుషుల ముఖాలు ఆయనకు తెలియవు, దవడలు తెలుసు. మాట మాత్రం మహా పొదుపు. "ఊరందరి నోళ్ళూ బాగుచేస్తాడు గానీ, మా బావ నోట్లోంచి మాట రావాలంటే పట్టుకారు పెట్టి లాగాలి" అనేది ఆయన మరదలు.

భార్య దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడ ఉద్యోగమే మాట. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెప్పడంలోనే ఆవిడ వయసంతా గడిచింది. ఊరు ఆవిడకు పెట్టిన పేరు మైకమ్మ. రెండు బస్సుల మధ్య దొరికే కాస్త ఖాళీలో ఒళ్ళో నవల తెరిచేది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఒకసారి ఊరి పేరు బదులు హంతకుడి పేరు చదివేసిందనీ, జనం ఆ బస్సు కోసం వెతుక్కున్నారనీ అక్కడి డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఉద్యోగం మానేశాక ఆవిడకు చర్చి పక్కగదిలో జరిగే పుస్తకాల కూటం దొరికింది. పాస్టరుగారి భార్య నడిపే కూటం అది. శనివారం సాయంత్రం పూట పదిమంది దాకా కుర్చీలు గుండ్రంగా వేసుకుని, అందరూ చదువుతున్న పుస్తకం గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. ఆ ఏడాది వాళ్ళు చేతిలోకి తీసుకున్న నవల పేరు 'గంట మోగని ఆదివారం'. కొండల మధ్య ఒక చిన్న ఊరు, ఊరి పక్కన సరస్సు, సరస్సు ఒడ్డున చర్చి. ఒక ఆదివారం పొద్దున గంట మోగదు. వెళ్ళి చూస్తే గంట తాడు తెగి ఉంటుంది, గంట కొట్టేవాడి ఏడేళ్ళ కూతురు కనబడదు. కొత్తగా వచ్చిన యువ పాస్టరు ఆ పిల్ల కోసం వెతకడం మొదలుపెడతాడు. ఊళ్ళో ఒక్కొక్కరి మంచితనం వెనకా ఏదో ఒకటి బయటపడుతూ ఉంటుంది.

మైకమ్మ మూడో అధ్యాయం దాకా వచ్చింది. సరిగ్గా అక్కడ ఆవిడకు కంటి ఆపరేషను రోజు వచ్చింది. ముందు ఒక కన్ను, అది కుదుటపడ్డాక రెండోది. అప్పటిదాకా అక్షరం ముట్టుకోవద్దన్నాడు డాక్టరు.

"పిల్ల అక్కడ కనబడకుండా పోయింది, నేనిక్కడ గుడ్డిదాన్నయి కూర్చున్నాను. ఎట్లా ఉండమంటారండీ? మీరు చదివి పెట్టండి" అంది ఇంటికి రాగానే.

"నేనా? పుస్తకం పట్టుకుని ఎన్నేళ్ళయిందో."

"పట్టుకుంటే అదే తెరుచుకుంటుంది. దవడల కన్నా తేలికే."

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక చదవడం మొదలయింది. వెలుగు కళ్ళలో పడకూడదని కిటికీలకు ఆకుపచ్చ తెరలు వేశారు. ఎండ ఆ తెరల్లోంచి వడగట్టుకుని గదిలోకి వచ్చేసరికి, లోతు నీళ్ళ అడుగున కూర్చున్నట్టుండేది. ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే నేలమీద నీడలు అలల్లా కదిలేవి. ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద వెల్లకిలా పడుకునేది. ఆయన పక్కన వాలుకుర్చీలో కూర్చుని, చెప్పులు లేకుండా కంకర మీద నడిచేవాడిలా ఒక్కొక్క మాటే అడుగేసుకుంటూ చదివేవాడు.

నాలుగైదు పేజీలు గడిచేసరికి ఆయనకు వేడి తగిలిన మైనంలో పళ్ళు కుంగినట్టు వాక్యాలు కుంగిపోయేవి. కొండమీద మంచు కురుస్తున్నట్టు, సరస్సు ఒడ్డున తనే నిలబడినట్టు అనిపించేది. పడవ ఒకటి నీళ్ళను చప్పుడు కాకుండా కోసుకుంటూ దగ్గరికి వచ్చేది. అంతలో ఫ్యాను చప్పుడు చెవిన పడేది. ఉలిక్కిపడి చూస్తే చేతిలో పుస్తకం ఉండేది. "ఊఁ, తర్వాత?" అనేది భార్య. ఎక్కడ ఆపాడో వెతుక్కుని, మళ్ళీ కంకర మీద నడక మొదలుపెట్టేవాడు. తను నిద్రపోయిన సంగతి ఆయనకు లీలగా తెలిసేది. నిద్రలోనూ తన నోరు ఆగలేదని మాత్రం తెలియదు.

శనివారం వచ్చింది. "మీరు వెళ్ళి వాళ్ళేమన్నారో విని రండి. నా మాట కూడా వాళ్ళకు చెప్పండి" అంది మైకమ్మ. ఆయన గొణుక్కుంటూనే ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు.

కూటంలో అప్పటికే వాదన వేడెక్కింది.

"నలభయ్యో పేజీలోనే నాకు దొంగ దొరికాడు" అన్నాడు కండక్టరు. ఆయన మైకమ్మతో పాటు బస్టాండులో పనిచేసి రిటైరైన మనిషి. "ఆ డాక్టరే. టిక్కెట్టు కొననివాడు ఎప్పుడూ కిటికీలోంచి బయటికే చూస్తాడు. పుస్తకంలో ఆ డాక్టరు ఎన్నిసార్లు కిటికీలోంచి చూశాడో చూసుకోండి."

"ఎవడైతేనేం, పిల్ల కనబడకపోతే ముందు వెతకాలి, ఆ తర్వాత మోకరించాలి" అంది నర్సమ్మ. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పైగా పనిచేసిన ఆవిడ గొంతులో ఇంకా వార్డు ఉంది. "ఈ పాస్టరుకు మోకాళ్ళు అరుగుతున్నాయి గానీ పాదాలు కదలడం లేదు."

"మోకరించినవాడికే దారి కనబడుతుందని రచయిత్రి ఉద్దేశం కాబోలు" అంది పాస్టరమ్మ నెమ్మదిగా.

"అయితే ఆ దారేదో కాస్త త్వరగా చూపించమనండి, నాకు రక్తపోటు ఉంది" అంది నర్సమ్మ.

అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక పాస్టరమ్మ మేస్త్రి వైపు తిరిగింది. "మైకమ్మగారు ఏమన్నారు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పుస్తకం బాగానే ఉందంది. అన్నిటికన్నా ఆ పడవ నడిపే ముసలావిడ బాగా నచ్చిందంది."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

"పడవా?" అంది పాస్టరమ్మ.

"ముసలావిడా?" అన్నాడు కండక్టరు.

మరదలు నుదురు కొట్టుకుంది. ఆవిడా ఆ కూటంలో మనిషే. "మా అక్కకి మత్తుమందు ఇంకా దిగినట్టు లేదు, ఏమీ అనుకోకండి."

మేస్త్రికి అయోమయంగా ఉంది. పడవ తనూ చదివినట్టే గుర్తు. మంచులో మెల్లగా వచ్చిన పడవ, గడ్డం దాకా శాలువా కప్పుకున్న ముసలావిడ. ఆ పేజీ ఎక్కడుందని అడిగితే మాత్రం చెప్పలేకపోయాడు.

మరుసటి శనివారం ఇంకా చిత్రమయింది. "ఆ పిల్ల పాలలో నానబెట్టిన రొట్టె తింటుంది చూశారూ, అక్కడ తన ప్రాణం లేచి వచ్చిందంది" అన్నాడు. ముందుపళ్ళు ఊడిపోయాయి కాబట్టి ముసలావిడ రొట్టె మెత్తగా చేసి పెట్టిందట. ఆ పిల్ల, "మా నాన్న నాకు రెండు పళ్ళు చేస్తున్నాడు, అవి అయ్యేదాకా నవ్వను" అని చేయి అడ్డం పెట్టుకుని చెప్పిందట. 

నర్సమ్మ పుస్తకం మూసి, "నాకూ ఆ పేజీ చదవాలనుందయ్యా. ఎక్కడుంది?" అంది. కండక్టరు, ఇది వేరే ముద్రణ అయి ఉంటుందని తేల్చాడు. పాస్టరమ్మ మాత్రం ఏదో ఆలోచిస్తూ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

మరదలికి మనసు ఆగలేదు. బుధవారం మధ్యాహ్నం తన బట్టలకొట్టు పనమ్మాయికి అప్పజెప్పి, చెప్పాపెట్టకుండా అక్క ఇంటికి వచ్చింది. వీధితలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలికి వెళ్ళబోతూ గడపలోనే నిలబడిపోయింది.

ఆకుపచ్చ వెలుతురులో బావ వాలుకుర్చీలో ఉన్నాడు. గడ్డం రొమ్ముకు ఆనింది. కళ్ళు మూసుకుపోయాయి. పుస్తకం మోకాళ్ళ మీదికి జారి, దానంతటదే పేజీలు తిప్పుకుంటోంది. కానీ ఆయన గొంతు వినబడుతూనే ఉంది. తడబాటు లేదు, కంకర లేదు. నీళ్ళ మీద జారిపోతున్నంత హాయిగా ఉంది ఆ గొంతు.

"సరస్సు అడుగున ఇంకో ఊరుంది. అక్కడా దీపాలు పెట్టారు. పాప పడవ అంచు మీద వంగి చూస్తోంది. ముసలావిడ తెడ్డు ఆపి, 'దిగుతావా అమ్మా?' అంది. పాప, 'వద్దు, మా నాన్న ఒడ్డునే ఉన్నాడు, నేను కనబడకపోతే భయపడతాడు' అంది. అని, చెయ్యి నీళ్ళలో పెట్టింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. పాప నవ్వింది. నోరు మూసుకోవడం మరిచిపోయి నవ్వింది..."

మరదలు నోరు తెరవబోయింది. మంచం మీద పడుకున్న అక్క, అలికిడి పట్టి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. నల్లకళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు చెవుల వైపు జారుతున్నాయి.

కాసేపటికి గొంతు పలచబడి, గురకలోకి దిగిపోయింది. అప్పుడు మైకమ్మ గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వచ్చింది. మరదలు వెంటపడింది.

"అక్కా, బావ నిద్రలో మాట్లాడుతున్నాడే!"

"తెలుసు."

"ఎప్పట్నించి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ. మెలకువగా ఉంటే ఆయన అట్లా చదవగలడా?"

"మరి లేపవేం?"

మైకమ్మ నీళ్ళకుండ మీద చేయి వేసి నిలబడింది. "లేపితే అది వెళ్ళిపోతుందే" అంది.

ఎవరు అని అడగాల్సిన పని లేకపోయింది. చెల్లెలు అక్క భుజం పట్టుకుంది.

వాళ్ళకు ఒక కూతురుండేది. గువ్వ అని పిలిచేవారు. ఏడేళ్ళు నిండకుండానే, ముందుపాలపళ్ళు రెండూ ఊడిన రోజుల్లో, జ్వరం వచ్చి పోయింది. బడిలో పిల్లలు బోసినోరని ఏడిపిస్తున్నారని గువ్వ ముడుచుకుంటే, తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నీ పళ్ళు వచ్చేలోపల నేనే రెండు చేసిపెడతా, అందరికన్నా తెల్లగా" అని మాటిచ్చాడు. ఆ మాట ఇంట్లో ముగ్గురికే తెలుసు. గువ్వను పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు ఆయన బల్ల ముందు కూర్చుని దీపం వెలిగించాడు. ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. ఆ తర్వాత భార్య ఎప్పుడు ఆ పేరెత్తినా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఆవిడ ఎత్తడం మానేసింది. మైకులో ఊళ్ళన్నిటి పేర్లూ పలికింది గానీ, ఆ ఒక్క పేరూ ఇంట్లో పలకలేకపోయింది. అట్లా ముప్పై ఏళ్ళు వెళ్ళిపోయాయి.

"ఇన్నాళ్ళూ ఆయన మరిచిపోయాడనుకున్నానే" అంది మైకమ్మ. "మగవాళ్ళ గుండె అంతేనేమో అనుకున్నాను. చూడబోతే దాన్ని లోపల ఎక్కడో పెట్టుకుని రొట్టె నానబెట్టి పెడుతున్నాడు."

చెల్లెలు ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. శుక్రవారానికి సంగతి పాస్టరమ్మకు చేరింది. శనివారానికి కూటంలో తెలియనిది మేస్త్రికొక్కడికే.

ఆ శనివారం ఆయన తలుపు దగ్గరి కుర్చీలో కూర్చోబోతుంటే కండక్టరు లేచి తన పక్కన చోటిచ్చాడు. ఎవరో మంచినీళ్ళు అందించారు. నవల గురించి ఎవరూ వాదించుకోవడం లేదు. ఆయనకు కాస్త బెదురుగా అనిపించింది.

"మేస్త్రిగారూ, పడవలో పాప ఏమయిందండీ?" అన్నాడు కండక్టరు, ఎన్నడూ లేనంత మెత్తగా.

"అదే... సరస్సు అడుగున ఊరు చూసిందట. మా ఆవిడ చెప్పమంది. మీ పుస్తకంలో ఇంకా రాలేదా?"

పాస్టరమ్మ ఏదో అనబోయేలోపే నర్సమ్మ అందుకుంది. ఆవిడకు నిజాన్ని సూదిలా ఒకేసారి గుచ్చేయడం అలవాటు. "అది ఏ పుస్తకంలోనూ లేదయ్యా. మీరు నిద్రలో చెబుతున్నది. పాప మీ పాపే."

ఆయన చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. చుట్టూ ముఖాలన్నీ తనవైపే ఉన్నాయి. వాటిలో జాలి ఉంది, వెటకారం లేదు. ఆయనకు వెటకారమే నయమనిపించింది. గ్లాసు కింద పెట్టి బయటికి నడిచాడు.

వీధుల్లో సాయంకాలపు ఎండ పలచటి టీ రంగులో ఉంది. బడి అయిపోయినట్టుంది, పిల్లలు గోడల వెంట వేళ్ళు రాసుకుంటూ పోతున్నారు. ఎవరో ఆడపిల్ల ఎదురొచ్చి నవ్వితే ముందుపళ్ళ సందు కనబడింది. ఆయన ఆగిపోయాడు. ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా, ఏ ఊళ్ళో ఉన్నాడో ఏ సంవత్సరంలో ఉన్నాడో తెలియనివాడిలా దుకాణం చూరు కింద నిలబడ్డాడు. కాళ్ళ కింద నేల పడవలా కాస్త ఊగుతున్నట్టే ఉంది.

ఇంటికొచ్చి భార్య ఎదుట నిలబడ్డాడు.

"నీకు తెలుసా?"

ఆవిడకు ఆయన గొంతును బట్టే అంతా అర్థమయింది. "తెలుసు."

"తెలిసి నన్ను సభలో కూర్చోబెట్టి చెప్పించావా?"

"వాళ్ళకు చెప్పాలని కాదండీ. అది ఎవరి నోటనైనా ఒకసారి వినబడాలని. పడవ అన్నా, రొట్టె అన్నా, అదే కదా."

ఆయన ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం తిని నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఆకురాయి రాపిడి గదిలోకి వినబడుతూ ఉండేది. నవల ఇంకా చివరి అధ్యాయం మిగిలి ఉంది. వాలుకుర్చీలో పుస్తకం బోర్లా పడుకుని ఉంది. మైకమ్మ అడగలేదు. ఆలస్యమైన బస్సు గురించి జనం ఎంత గోల చేసినా చెప్పవలసిన వేళకే చెప్పిన మనిషి, ఓపిక ఆవిడకు కొత్త కాదు.

వారం తిరిగేసరికి ఒక మధ్యాహ్నం, "రేపు నాకు రెండో కన్ను చేస్తారు" అంది. "లోపలికి వెళ్ళేముందు ఆఖరికి ఏమయిందో తెలిస్తే బాగుండును. మెలకువగానే చదవండి. నాకు పుస్తకంలో ఉన్నదే చాలు."

ఆయన వెళ్ళి స్పిరిటు దీపం ఆర్పాడు. తర్వాత వచ్చి పుస్తకం తీశాడు. కూర్చుంటే కునుకు పడుతుందని నిలబడే చదివాడు, పాఠం అప్పజెప్పే బడిపిల్లవాడిలా.

దొంగ ఆ డాక్టరు కాడు. సంఘంలో అందరికన్నా పెద్దమనిషి, కానుకలపెట్టె తాళం చెవి దగ్గరుంచుకునే మనిషి. చేసిన దొంగతనం పిల్ల కంటపడిందని భయపడి ఆమెను మాయం చేశాడు. పిల్ల దొరకదు. సరస్సు ఒడ్డున రెల్లు మధ్య ఆమె ఎర్ర రుమాలు మాత్రం దొరుకుతుంది. చివర్లో గంట కొట్టే తండ్రి ఆ పెద్దమనిషిని చూడడానికి జైలుకు వెళతాడు. తండ్రి అతన్ని చంపుతాడేమోనని కాపలావాడు పక్కనే నిలబడతాడు. తండ్రి ఆ పెద్దమనిషి ముందు కూర్చుని ఒకే ఒక్కమాట అడుగుతాడు.

మేస్త్రి అక్కడ తడబడ్డాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "'ఆఖరున నా బిడ్డ ఏమైనా అందా?' అని అడిగాడు తండ్రి."

తర్వాతి వాక్యం ఆయన నోట రాలేదు. పుస్తకం మూయకుండానే మంచం అంచు మీద కూర్చున్నాడు. గదిలో నీళ్ళలాంటి వెలుతురు అటూ ఇటూ కదులుతోంది. ముప్పై ఏళ్ళ కిందట ఒక పొద్దున, ఆయన జ్వరం మందు కోసం పరుగెత్తుకెళ్ళాడు. దుకాణం తెరిపించి, సీసా పట్టుకుని తిరిగివచ్చేసరికి ఇంటిముందు జనం ఉన్నారు. లోపల జరిగింది ఆయన అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

"ఆఖరున..." అన్నాడు. ఆగాడు. "గువ్వ ఏమైనా అందా?"

ముప్పై ఏళ్ళ తర్వాత ఆ పేరు ఆ ఇంట్లో మెలకువగా ఉన్న మనిషి నోట వినబడింది. మైకమ్మ చేయి చాచి, తడుముకుని, ఆయన మణికట్టు పట్టుకుంది.

"నిద్దరొస్తోందమ్మా అంది" అని చెప్పింది. "నాన్నొస్తే లేపు అంది."

సుద్ద పగిలినట్టు, ఆ మనిషి పగిలి ఏడ్చాడు. ఆవిడ ఆపలేదు. ఆవిడ కళ్ళకు నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పిన మాట ఇద్దరికీ జ్ఞాపకం లేదు. ఎండ తెరమీంచి గోడ మీదికి, గోడ మీంచి కప్పుకు జరిగిపోయేదాకా వాళ్ళు అలా గువ్వ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. మామిడిరంగు గొడుగు కావాలని అది ఎంత పేచీ పెట్టిందో, మైకు ముందు కూర్చుని ఒకసారి 'అమ్మ బస్సు వచ్చింది' అని అరిచి ఎట్లా నవ్వించిందో, ఒకరు మరిచిపోయింది ఇంకొకరు అందిస్తూ.

తండ్రి అడిగినదానికి నవలలో ఏం జవాబుందో ఆ పూట చదవనే లేదు. మర్నాడు ఆసుపత్రి వరండాలో, ఆవిడను లోపలికి తీసుకెళ్ళేముందు, ఆయనే తెరిచి మిగతాది చదివిపెట్టాడు. పిల్ల ఏమందో ఆ పెద్దమనిషి చెబుతాడు. తండ్రి విని, లేచి, నిన్ను క్షమించానని గానీ క్షమించలేదని గానీ అనకుండా ఊరికి తిరిగివెళ్ళి గంట కొడతాడు. అక్కడితో అయిపోతుంది. "ఫరవాలేదు, బాగానే రాసింది" అని మైకమ్మ ఆపరేషనుకు వెళ్ళింది.

ఆవిడ కుదుటపడ్డాక ఇద్దరూ కలిసి కూటానికి వెళ్ళారు. ఆవిడ నల్లకళ్ళద్దాలతో, ఆయన ఉతికిన చొక్కాతో. మొదట అందరూ ఏం మాట్లాడాలో తెలియక గాజుసామాను మోస్తున్నవాళ్ళలా మసిలారు. అది చూసి మైకమ్మే అంది: "ఏమయ్యా కండక్టరూ, నీ డాక్టరు ఏ స్టాపులో దిగిపోయాడు?"

గదిలో గాలి ఆడింది. కండక్టరు, ఆ డాక్టరు అన్నిసార్లు కిటికీలోంచి ఎందుకు చూశాడో రచయిత్రి చెప్పనేలేదని మండిపడ్డాడు. పిల్ల దొరకకుండా నవల ముగించడం ప్రయాణికుణ్ణి దారిలో దించేయడమేనన్నాడు. అంత త్వరగా జైలుకు వెళ్ళి ఎదురుగా కూర్చోవడం మనిషికి సాధ్యం కాదని నర్సమ్మ అంది. "మనిషికి సాధ్యం కాదు కాబట్టే గంట కొట్టాడు" అంది పాస్టరమ్మ. దానిమీద ఇంకో అరగంట వాదన నడిచింది. ఆ మధ్యలో నర్సమ్మ లేచి వచ్చి మేస్త్రి పక్కన కూర్చుని, "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సిందయ్యా" అంది చిన్నగా. ఆయన, "ఎవరో ఒకరు అనాలి కదమ్మా" అన్నాడు.

చివరకు పాస్టరమ్మ, "మేస్త్రిగారూ, ఈసారి మైకమ్మగారి మాట కాదు, మీ మాట చెప్పండి. పుస్తకం ఎలా ఉంది?" అని అడిగింది.

"ఆ తండ్రి మంచి ప్రశ్నే అడిగాడు" అన్నాడు. "కాస్త ముందుగా అడిగి ఉండాల్సింది."

"ఇంకా?" అంది పాస్టరమ్మ.

"మొత్తానికి బాగానే ఉందండీ. మధ్యలో కొంచెం నిద్రొచ్చింది."

ముందుగా నవ్వింది మైకమ్మే. ఆ తర్వాత గదంతా నవ్వింది.

ఇప్పుడు ఆవిడ కళ్ళు బాగున్నాయి. తన పుస్తకాలు తనే చదువుకోగలదు. అయినా మధ్యాహ్నాలు ఆయన చేతిలో ఏదో ఒక నవల పెడుతుంది, ఆయన కంకర మీద నడిచినట్టు చదువుతాడు, కాసేపటికి నిద్రపోతాడు. ఆవిడ చెవి ఒగ్గి వింటుంది. పడవా లేదు, సరస్సూ లేదు, వట్టి గురక. మొదట్లో ఆవిడకు కాస్త వెలితిగా అనిపించేది. సాయంత్రం టీ తాగుతూ గువ్వ మాట తనంతట తనే ఎత్తే మనిషికి, నిద్రలో ఇంకా ఏం చెప్పాలని ఉంటుంది అనుకుని ఊరుకుంది. మొన్నటికి మొన్న, బడి మొదటిరోజున గువ్వ వేసుకున్న గౌను పసుపుదని ఆవిడ, కాదు నీలిదని ఆయన, గొంతులు పెంచుకుని వాదించుకుంటుంటే పక్కింటివాళ్ళు ఏం జరిగిందోనని గోడ మీంచి తొంగిచూశారు.